గ్రంథపఠనము - వృత్తిగౌరవము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు గ్రంథపఠనమును గూర్చి ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను పండితుడను గాను, గ్రంథకర్తను గాను. ముప్పదియేండ్లు లెక్కలు వ్రాయు నుద్యోగము చేసి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను చిన్ననాటినుండియు పుస్తకములు చదువు నలవాటు కలవాడ నగుటచేతను, ఆ పుస్తకములలో కొన్ని నా చూపును నిజముగా మార్చినవి యగుటచేతను, ఆ సంగతి మీకు విన్నవించుట నా విధి యని తలచి యంగీకరించితిని.

కావ్యములును నవలలును మనస్సున కానందము గూర్చును. వానిని నేను తక్కువ చేయుట లేదు. కాని నేడు నేను చెప్పబూనినది కల్పితములు గాని గ్రంథములను గూర్చి. జీవితచరిత్రములు, శాస్త్రగ్రంథములు, సంఘవిషయములను ఆర్థికవిషయములను విచారించు వ్యాసములు మున్నగునవి యీ తెగలోనివి. మన యిండ్లలో నిట్టి పుస్తకములకు చోటు తక్కువ. పరీక్షకు పనికివచ్చు పుస్తకమైనచో అప్పు చేసియైనను కొందుము. పరీక్ష ముగిసినతోడనే పాతకాగితములవానికి తూకమునకు వేయుదుము. పుస్తకమందున్న విద్యయు పరులచేతనున్న ధనమును అక్కఱకు రావని పెద్దలు చెప్పిన మాటను మనము తలక్రిందుగా గ్రహించి, పుస్తకమునే దూరము చేసికొంటిమి. పెద్దల భావ మది గాదు. పుస్తకమందలి విద్యను చేతిలోనికి తెచ్చుకొమ్మని వారి హెచ్చరిక. అట్లు తెచ్చుకొన్న కొందఱి వృత్తాంతములను, వానితోపాటు నా యనుభవమును మీకు మనవి చేసికొందును.

నా తండ్రి చేనేతపని చేసెడివాడు. మా యింట తెల్లవాఱక మునుపే గుంటమగ్గముపై నాడె చప్పుడు వినవచ్చెడిది. రాట్నముపై కండెలు చుట్టుట, వంట, పిల్లల పోషణము - ఇవి నా తల్లి పనులు. 1974వ సంవత్సరమున నేను కళాశాలలో చేరునపుడు దరఖాస్తు నొకదానిని పూరింపవలసి వచ్చెను. అందు 'తండ్రి వృత్తి' యను గడి యొకటి కలదు. నా ప్రక్కనున్న బాలుడు 'వకీలు' అని వ్రాసెను. నేను కొంతతడవు కలము పట్టుకొని యాలోచించి 'వస్త్రవ్యాపారము' అని వ్రాసితిని. నా తండ్రికి వ్యాపారము లేదు. షావుకారు నూలిచ్చినచో నేసి, కూలి తెచ్చుకొనువాడు. ఆ దరఖాస్తుపై ఆయన వ్రేలిముద్ర కావలసియుండెను. నేనేమి వ్రాసితినో చదువలేక, కొడుకుపై నమ్మకముతో ముద్ర వేసి, చేయి పంచెకు తుడుచుకొనెను. ఆ దృశ్యమును తలచుకొన్నపుడెల్ల నాకు నేటికిని సిగ్గు కలుగుచుండును.

ఆ యేడే కళాశాల గ్రంథాలయమున గాంధీమహాత్ముని ఆత్మకథ నా చేత బడెను. అందలి యొక ఘట్టము నన్ను నిలువబెట్టి యడిగినట్లయ్యెను. 1904వ సంవత్సరమున గాంధీగారు దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గులో పేరుమోసిన న్యాయవాది. 'ఇండియన్ ఒపీనియన్' అను పత్రిక వ్యవహారములు చక్కబెట్టుటకై ఆయన డర్బనుకు పయనమగుచుండగా, హెన్రీ పోలక్ అను మిత్రుడు స్టేషనునకు వచ్చి, దారిలో చదువుకొమ్మని యొక చిన్న పుస్తకమును చేతికిచ్చెను. అది రస్కిను అను ఆంగ్లేయుడు వ్రాసిన 'అన్ టు దిస్ లాస్ట్'. ఇరువదినాలుగు గంటల ప్రయాణము. పుస్తకము తెఱచిన పిమ్మట గాంధీగారు దానిని క్రింద బెట్టలేకపోయిరి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవాఱునప్పటికి తన జీవితమును ఆ పుస్తకమునకు తగినట్లు మార్చుకొనవలెనని నిశ్చయించుకొనిరి.

ఆ పుస్తకమున నేమి యున్నది? రస్కిను చిత్రకళను శిల్పమును విమర్శించి పేరు గన్నవాడు. అట్టివాడు 1860లో ఒక మాసపత్రికలో ధనమును గూర్చి, కూలిని గూర్చి నాలుగు వ్యాసములు వ్రాసెను. పాఠకులు మండిపడిరి. ఆ నాల్గింటితోనే వ్యాసములు నిలిచిపోయెను. 1862లో అవి పుస్తకరూపమున వెలువడెను. ద్రాక్షతోటలో ప్రొద్దు గ్రుంకబోవు వేళకు పనిలో చేరినవానికిని, ఉదయమునుండి పనిచేసినవానికిని యజమానుడు సమానముగా కూలి యిచ్చిన బైబిలు కథనుండి ఆ పుస్తకము పేరు వచ్చినది. మనుష్యుని పోషింపని ధనము ధనము కాదనుట దాని సారము. గాంధీగారు దానినుండి మూడు సంగతులు గ్రహించితినని చెప్పుకొనిరి. అందఱి మేలులోనే ఒక్కొక్కని మేలు కలదనుట మొదటిది. వకీలు పనికిని మంగలి పనికిని విలువ యొక్కటే యనుట రెండవది. ఏలయన, పనిచేసి పొట్టపోసికొను హక్కు ఇరువురకును సమానము. నేల దున్నువానిదియు చేతిపని చేయువానిదియు నగు శ్రమజీవనమే సార్థకమైన జీవనమనుట మూడవది. ఈ మూడవ సంగతి తనకు మునుపెన్నడును తట్టలేదని ఆ వకీలుగారు దాచక వ్రాసిరి.

సోదరులారా! దరఖాస్తులో తండ్రి వృత్తిని దాచిన బాలుడు ఈ మాటలను చదివినప్పుడు వాని స్థితి యెట్లుండునో మీరూహింపుడు. లోకమెల్ల మ్రొక్కెడి మనుజుడు, చేతిపనియే జీవనమని యొప్పుకొనుటకు ఒక పుస్తకమును రాత్రియంతయు చదువవలసి వచ్చెను. నాకా విషయము మా యింటి మగ్గమే పదునాఱేండ్లుగా చెప్పుచుండెను, నేను వినలేదు.

వేసవిసెలవులలో ఇల్లు చేరి, అరుగుమీద కూర్చుండి, ఆ భాగమును నా తండ్రికి చదివి వినిపించితిని. దరఖాస్తు సంగతి చెప్పుటకు నోరాడలేదు. ఆయన నూలుపోగును అతుకుచునే విని, చివర నొక్క ప్రశ్న వేసెను. "వకీలుకూ మంగలికీ విలువ ఒకటే అన్నాడు, బాగానే ఉంది నాయనా. మరి కూలి కూడా ఒకటే ఇచ్చినాడా?"

నాకు వెంటనే బదులు తోచలేదు. పుటలు త్రిప్పి చూచితిని. బదులు ముందటి పుటలలోనే యుండెను. గాంధీగారు డర్బనుకు 14 మైళ్ల దూరమున ఫీనిక్సు అనుచోట నూఱెకరముల నేలను వేయి పౌనులకు కొని, అచ్చుయంత్రమును అక్కడికి తరలించిరి. ఆ పథకమున చేరినవారు, తెల్లవారైనను నల్లవారైనను, ఏ పని చేయువారైనను, నెలకు మూడు పౌనులే తీసికొనవలెనని కట్టడి చేసికొనిరి. అక్కడ పత్రిక అచ్చువేయు మొదటి రాత్రియే యంత్రము మొరాయించెను. చేతితో త్రిప్పు చక్రమునకు నలుగురు మనుష్యులు కావలెను; పనివారందఱు నలసియుండిరి. ఇల్లు కట్టుటకై వచ్చిన వడ్రంగులు అక్కడనే నిద్రించుచుండగా గాంధీగారు వారిని లేపి సాయమడిగిరి. వారు సంతోషముతో లేచి చక్రము త్రిప్పిరి. గాంధీగారును ఇతరులును వంతులవారీగా చేయి కలిపిరి. తెల్లవాఱువఱకు పని సాగెను. నేను చదువుచుండగా నా తండ్రి పోగు నతుకుట నిలిపి విని, "అయితే ఆయన మాట నమ్మవచ్చు" నని తిరిగి పనిలో మునిగెను.

గ్రంథవిమర్శకు ఇంతకన్న మంచి సూత్రమును నేనెక్కడను చదువలేదు. పది దినములలో ధనవంతుడవు గావచ్చుననియు, ఇరువదియొక్క దినములలో విజయము నీ యిల్లు వెదకికొని వచ్చుననియు చెప్పు పుస్తకములు నేడు అంగళ్లలో గుట్టలుగా నున్నవి. అట్టి పుస్తకము చేతబట్టినపుడు నా తండ్రి ప్రశ్నను జ్ఞాపకము చేసికొనుడు. చెప్పినవాడు ఆ మాట కొఱకు తానేమి చెల్లించెను? చెల్లింపనివాని మాట తియ్యగా నుండవచ్చును గాని మన చూపును మార్పజాలదు.

మఱుసటి యేడు వసతిగృహమునకు దరఖాస్తు పెట్టునపుడు 'తండ్రి వృత్తి' గడిలో 'చేనేత' యని స్పష్టముగా వ్రాసితిని. ఆ పుస్తకము నాకు చేసిన యుపకార మిది.

కాని ఒక్క పుస్తకముతో నాగిపోరాదు. దీని తరువాత కొన్నియేండ్లకు నేను చదివిన గ్రంథము డాక్టరు అంబేద్కరుగారి 'కులనిర్మూలనము'. అదియు నిట్టి వార్షికసభ కొఱకు వ్రాయబడిన యుపన్యాసమే. 1936వ సంవత్సరమున లాహోరునందలి 'జాత్ పాత్ తోడక్ మండల్' అను సంఘమువారు తమ మహాసభ కధ్యక్షులుగా నుండుమని ఆయనను పిలిచిరి. ఉపన్యాసప్రతిని ముందుగా చూచిన ఆహ్వానసంఘమువారికి అందలి యభిప్రాయములు మింగుడుపడలేదు. సభయే రద్దయ్యెను. అంబేద్కరుగారు ఆ యుపన్యాసమును స్వంతవ్యయముతో అచ్చు వేయించిరి. సభలో పలుకబడని యా ప్రసంగమును నేటికిని దేశమంతట చదువుచున్నారు.

ఇది కులసంఘసభ, ఈ వేదికపై ఆ గ్రంథము పేరెత్తుట కొందఱకు రుచింపకపోవచ్చును. కాని నేను చెప్పుచున్నది వృత్తిని గూర్చి. వృత్తిని గూర్చి మాటలాడుచు ఆ గ్రంథమును దాటిపోవుట సత్యము గాదు. కులము శ్రమవిభజన మాత్రమే యనువారికి ఆయన యిచ్చిన సమాధాన మిది: అది పనిని పంచుటతో నాగలేదు, పనివారినే మెట్లుమెట్లుగా విడదీసినది. ఆ పంపకమున మనుష్యుని యిష్టమునకుగాని సామర్థ్యమునకుగాని తావు లేదు. పుట్టుకచే నెత్తిపై బడిన పనిని మనుష్యుడు మనసిచ్చి చేయజాలడు. ఆ పనికి గిరాకి తగ్గినపుడు వేఱుపనికి పోజాలక పస్తులుండును. గాంధీగారు తమ 'హరిజన' పత్రికలో దీనిని ఖండించిరి. తండ్రితాతల వృత్తిచే జీవించుట ధర్మమని వారప్పటికి నమ్మియుండిరి. అంబేద్కరుగారు మరల బదులు వ్రాసిరి. ఆ వాదప్రతివాదములు 1937లో వెలువడిన రెండవ కూర్పున చేరినవి.

గాంధీగారి పుస్తకము నా తండ్రి పని గౌరవనీయమని నాకు నేర్పెను. అంబేద్కరుగారి పుస్తకము, ఆ పనిని నీ తండ్రి తానుగా నెన్నుకొనెనా యని నన్నడిగెను. మొదటిది లేనిచో నేను సిగ్గుతోనే బ్రతికియుందును. రెండవది లేనిచో, సిగ్గు పోయిన యుత్సాహమున నా తండ్రి పేదఱికమునకు గూడ పూలమాల వేసియుందును. పనిని గౌరవించుట వేఱు. ఆ పనిలో మనుష్యుని కట్టివేయుట వేఱు. మగ్గముపై కూర్చుండగోరిన మన పిల్లవానికి తగిన కూలియు మర్యాదయు లభింపవలెను. కూర్చుండగోరని వానికి తలుపు తెఱచియుండవలెను. పరస్పర విరుద్ధములైన రెండు మంచి పుస్తకములను కలిపి చదివినగాని నాకీ వివేకము కలుగలేదు.

ఇక పుస్తకము నెట్లు చదువవలెను? దీనికి మైకేలు ఫారడే చరిత్రము చక్కని దృష్టాంతము. ఆయన 1791లో ఇంగ్లండునందు ఒక కమ్మరి యింట పుట్టెను. బడిచదువు స్వల్పము. పదునాల్గవ యేట పుస్తకములు జిల్దుకట్టు దుకాణమున ఏడేండ్లకు పని నేర్చుకొనుటకై చేరెను. జిల్దుకు వచ్చిన పుస్తకములను కుట్టుటతో తృప్తిపడక చదువసాగెను. వానిలో జేన్ మార్సెట్ అను నామె సంభాషణరూపమున వ్రాసిన రసాయనశాస్త్రగ్రంథ మొకటి. ఆమె ఆ శాస్త్రమును విశేషించి స్త్రీలకు సులభముగా తెలియజెప్పవలెనని వ్రాసెను. ఫారడే అందు చెప్పిన సంగతులను ఊరక నమ్మలేదు. తన కొలదిపాటి డబ్బుతో సామగ్రి కొని, చిన్న చిన్న పరీక్షలు చేసి, పుస్తకము చెప్పినది నిజమగునో కాదో తన చేతులతో చూచెను. నిజమని తేలినప్పుడు ఆ పుస్తకమునే ఊతగా పట్టుకొనెను.

1812లో ఆ దుకాణమునకు వచ్చు నొక పెద్దమనిషి యిచ్చిన టిక్కెట్లతో ఫారడే లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు హంఫ్రీ డేవీ పండితుని యుపన్యాసములు వినెను. విన్నదానిని శుభ్రముగా వ్రాసికొని, బొమ్మలు గీసి, తనకు వచ్చిన పనిచేతనే చక్కగా జిల్దుకట్టి, ఆ పండితునికే పంపెను. 1813లో ఆయనకు అక్కడ సహాయకుని యుద్యోగము లభించెను. 1831లో ఆయన కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణము మీదనే నేడు మన యూళ్లకు కరెంటు పంపు జనరేటర్లు నడచుచున్నవి. ఇంతవాడై గూడ ఫారడే మార్సెట్టును తన మొదటి గురువుగా తలచి, తాను వ్రాసిన శాస్త్రవ్యాసములను కృతజ్ఞతతో ఆమెకు పంపుచుండెను. పిల్లల కొఱకు తాను క్రొవ్వొత్తిని గూర్చి చేసిన యుపన్యాసములు 1861లో పుస్తకమయ్యెను. ఆ యుపన్యాసములను ఆయన క్రొవ్వొత్తులు చేయువారి పనితనమును వర్ణించుటతోనే ప్రారంభించెను. కమ్మరి కుమారుడు చేతిపనిని మఱచిపోలేదు.

చదువు సర్వదా సుఖమే యిచ్చునని నేను మీకు చెప్పజాలను. అమెరికాలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ కథ దీనికి సాక్షి. బాల్టిమోరు పట్టణమున యజమానురాలు వానికి అక్షరములు నేర్ప మొదలిడగా, యజమానుడు వారించెను. చదువు వచ్చిన బానిస బానిసగా నుండడని వాని భయము. ఆ మాట విన్న బాలుడు చదువులో నేమో యున్నదని గ్రహించెను. వీథిలోని పేద తెల్లపిల్లలకు రొట్టెముక్క లిచ్చి వారివద్ద చదువు నేర్చుకొనెను. ఓడలు కట్టుచోట వడ్రంగులు ఏ దూలము ఓడకు ఏ ప్రక్కకు చెందునో తెలియుటకై వానిపై వ్రాయు అక్షరములను చూచి వ్రాత నేర్చుకొనెను. పండ్రెండేండ్ల ప్రాయమున 'కొలంబియన్ ఒరేటర్' అను ఉపన్యాససంకలనము నొకదానిని, ఏబది సెంట్లు కూడబెట్టి, కొనెను. అందు ఒక బానిస యజమానునితో వాదించి, తన వాదబలముననే విడుదల పొందిన సంభాషణ కలదు.

ఆ పుస్తకము వానికి మాట నిచ్చెను. దానితోపాటు దుఃఖమును ఇచ్చెను. తన స్థితి తెలిసినది గాని తప్పించుకొను త్రోవ తెలియలేదు. ఏమియు తెలియని తోడి బానిసలను చూచి అసూయపడిన దినములు గలవని ఆయన వ్రాసికొనెను. పెరిగిన పిమ్మట ఓడపలకల సందులు పూడ్చు పనిలో కుదిరి సంపాదించిన కూలిని వారమువారము యజమానుని చేతిలో పోయవలసివచ్చెను. చెమట తనది, డబ్బు మఱియొకనిది. 1838లో ఆయన తప్పించుకొని పోయి, 1845లో తన చరిత్రమును తానే వ్రాసి ప్రకటించెను. మన పిల్లలు చదివి ప్రశ్నలు వేసినపుడు, మనస్సు కష్టపెట్టుకొన్నపుడు, 'చదువు వీనిని చెఱచిన'దని విసుగుకొనకుడు. కన్ను తెఱచినవానికి వెలుతురు మొదట గ్రుచ్చుకొనుట సహజము.

ఈ సంగతిని మన ఆంధ్రదేశపు పెద్దలు చాలకాలము క్రిందటనే గుర్తించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రములను, ప్రకృతిశాస్త్రములను తెలుగున ప్రకటింపబూనిరి. ఆ మండలి మొదట ప్రకటించిన గ్రంథమేది? గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. రాజుల కథ గాదు; గొడ్డలిపట్టి కట్టెలు చీల్చిన పేదవాడు దేశాధ్యక్షుడైన కథ. తెలుగువానికి మొదట నేమి చదువనీయవలెనో ఆ పెద్దలు బాగుగా నాలోచించిరి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు దాని కొఱకు జీవితమును ధారవోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాతీరమున కాలువలపై పడవలో పుస్తకములు నింపి పల్లెలకు పంపిరి. అప్పుడు పుస్తకము పడవనెక్కి మన గుమ్మము దగ్గఱకు వచ్చెను. నేడు వేలకొలది పుస్తకములు ఫోనులో మన అఱచేతికి వచ్చియున్నవి. తెఱచుటకు వ్రేలు కదపవలసినది మనమే.

ఇక చివర సంగతి. అది చెప్పుటకే నేనిక్కడకు వచ్చితిని. గాంధీగారి భాగమును చదివి వినిపించిన ఆ వేసవిలోనే నా తండ్రి మఱియొక మాట యడిగెను. "నీ పుస్తకాలలో ఎక్కడైనా గంజి సంగతి వ్రాసి ఉన్నదా?" పడుగుకు పెట్టు గంజి ముసురుపట్టిన దినమున నెంత చిక్కగా నుండవలెనో, ఎండకాలమున నెంత పలుచగా నుండవలెనో, వ్రేళ్లనడుమ పోగును రాచి చూచి ఆయన చెప్పగలిగెడివాడు. వీథిలో సాగదీసిన పడుగుపై గాలి ఏవైపునుండి వీచిన నేమి చేయవలెనో ఆయనకు తెలియును. ఏ పుస్తకమునను లేదని చెప్పితిని. "అయితే నీవు వ్రాయి, నేను చెప్పుతాను" అనెను. ఒక నోటుపుస్తకము కొంటిని. మూడు పుటలు వ్రాసితిని. సెలవులు ముగిసెను. తరువాత ఉద్యోగము, సంసారము, బదిలీలు. వచ్చుయేడు చూతములే యని ప్రతియేడును అనుకొంటిని. 1991లో నా తండ్రి గతించెను. ఆ నోటుపుస్తకము నాయొద్ద నేటికిని కలదు. అందు వ్రాసినవి మూడు పుటలే. దరఖాస్తులో చేసిన తప్పును దిద్దుకొంటిని గాని దీనిని దిద్దుకొనుటకు నాకు వేఱొక తండ్రి లేడు.

ఇతరుల గ్రంథములు మన చూపును మార్చినవని సంతోషించుట చాలదు. మన పని తెలిసిన గ్రంథము నొకదానిని మనము లోకమునకు బాకీయున్నాము. మన పెద్దల చేతులలోని విద్య పుస్తకమునకు ఎక్కకమునుపే శ్మశానమునకు పోవుచున్నది. ఆ పని రేపు నిలిచినను నిలువకపోయినను, అది యెట్లు జరిగెనో చెప్పు సాక్ష్యము నిలువవలెను.

కావున ఈ మహాసభ యెదుట మూడు కోరికలను సవినయముగా ఉంచుచున్నాను. మొదటిది: మన సంఘము ప్రతియేడును మార్కులు హెచ్చుగా తెచ్చుకొన్న బాలబాలికలకు బహుమానము లిచ్చుచున్నది. ఆ జ్ఞాపికతోపాటు పరీక్షకు సంబంధింపని మంచి పుస్తకము నొక్కదానిని, వారు కోరినదానిని, ఇత్తుముగాక. రెండవది: మన వసతిగృహములందును సంఘభవనములందును ఒక బీరువా పుస్తకములుంచి, వారమున కొకదినము చదువరాని పెద్దలకు చదివి వినిపించు నేర్పాటు చేయుదముగాక. నా తండ్రివంటి శ్రోత దొరకినపుడు చదువువానికే యెక్కువ లాభము. మూడవది: ప్రతి గ్రామమునను ఇరువురు యువకులో యువతులో పూనుకొని, పని తెలిసిన వృద్ధుల మాటలను, పనిముట్ల పేర్లతో సహా, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొందురుగాక. కండెలు చుట్టిన తల్లుల మాటలను మఱవరాదు. నా మూడు పుటలలో నా తల్లి చెప్పినది ఒక్క వాక్యమైనను లేదు. ఈ సంచికయందు దాతల ఛాయాపటములకు చోటున్నది, అది యుండవలసినదే. రాబోవు సంచికలో వాని ప్రక్కన పనివారి మాటలకు నాలుగు పుటలు కేటాయింపుమని సంపాదకవర్గమువారిని ప్రార్థించుచున్నాను. మొదటి యుపకృతిగా నా మూడు పుటలను వారికి నేడే యప్పగించుచున్నాను.

సోదరులారా! సోదరీమణులారా! మీరు ఇండ్లకు చేరినతోడనే, మీ యింటిలో పని తెలిసిన వృద్ధు లుండినచో, వారియొద్ద కూర్చుండి ఒక్క ప్రశ్న యడిగి, బదులును వ్రాసికొనుడు. వచ్చుయేడు చూతములే యనుకొనకుడు.